కొసరుకి చోటు

మా అత్తగారు నూనె పోసేటప్పుడు సీసా వంక చూడరు. కొనడానికొచ్చిన మనిషి ముఖంలోకి చూస్తారు. "మీ చిన్నమ్మాయికి నెల తప్పిందంట కదా, వాంతులు తగ్గేయా?" అని అడుగుతూనే లీటరు కొలతని పీపాలో ముంచి, పైకి తీసి, గరాటులోకి ఒంపేస్తారు. ఒక్క చుక్క కింద పడదు. సీసా మెడ దాకా నిండాక, పక్కన మేకుకి వేలాడే చిన్న గరిటె తీసి ఇంకాస్త పోస్తారు. అది కొసరు. ఆఖర్న కొలత మూతికి వేలాడుతున్న చుక్కని చూపుడువేలితో తుడిచి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మాడు మీద రాసేస్తారు. పెళ్ళైన కొత్తలో ఆ పీపా పక్కన నిలబడి ఉండేది నేనే కాబట్టి, మొదటి ఏడాదంతా నా తల జిడ్డోడుతూనే ఉంది.

మాది కొత్తపేట దగ్గర, కాలవ గట్టు మీద చిన్న కొబ్బరినూనె మిల్లు. వెనక షెడ్డులో మిల్లు ఆడుతుంది, ముందు వరండాలో కొట్టు. మామగారు పోయాక షెడ్డు నా చేతికొచ్చింది. ఎండుకొబ్బరి తెచ్చేవాళ్ళతో, కరెంటువాళ్ళతో, బెల్టు తెగితే బాగుచేసేవాళ్ళతో పోట్లాడ్డం నా పని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని ఊరంతా అంటారు. ఉంటే ఉంది, మిల్లు ఆడుతోంది కదా. వరండా మాత్రం అత్తగారిది. అక్కడ పీపా ముందు ఒక ఎత్తుపీట. ఆవిడ పొద్దున్నే స్నానం చేసి ఆ పీటెక్కితే మధ్యాహ్నం భోజనానికే దిగేవారు. ఊళ్ళో ఎవరికి ఏ సంబంధం కుదిరిందో, ఎవరి ఆవు ఈనిందో, ఎవరి అబ్బాయికి మస్కట్ వీసా వచ్చిందో పంచాయతీ ఆఫీసుకన్నా ముందు ఆ పీటకి తెలిసేది.

మూడేళ్ళ కిందట ఆ చెయ్యి వణకడం మొదలుపెట్టింది.

మొదట్లో ఎవరం పైకి అనలేదు. జనం మంచివాళ్ళు. "ఉండండి మామ్మగారూ, గరాటు నేను పట్టుకుంటానండి," అనేవారు. కొలత ఎటు ఊగితే సీసాని అటు జరిపేవారు. ఒక రిటైరైన మాస్టారైతే సీసా కింద ఒక పళ్ళెం పెట్టుకుని, ఒలికినదంతా దానిలో పట్టుకుని, "దీపానికి పనికొస్తుందండి," అని మర్యాదగా పట్టుకెళ్ళేవారు. వరండా గచ్చు మాత్రం అద్దంలా తయారైంది. నేను రోజూ రెండుసార్లు ముగ్గుపిండి చల్లి తుడిచేదాన్ని. తుడుస్తూ తిట్టుకునేదాన్ని. ఎవర్ని తిట్టుకుంటున్నానో నాకే తెలిసేది కాదు.

అమలాపురం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాం. ప్రాణానికేం ఫరవాలేదు, వయసుతో వచ్చిందే, మాత్రలు వాడితే కొంచెం అదుపులో ఉంటుంది, పూర్తిగా పోదు అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్తగారు కాలవ వైపు చూస్తూ కూర్చున్నారు. సగం దారిలో అన్నారు:

"ఆ పీట మీంచి నన్ను లేపకండే. లోపలికెళ్ళి టీవీ ముందు కూచోమంటే ఆర్నెల్లు కూడా బతకను."

"ఎవరు లేపుతారండీ మిమ్మల్ని?" అన్నాను గట్టిగానే. కానీ లోపల నాకు భయం వేసింది. ఆ ముందు రోజే గచ్చు మీద ఆవిడ కాలు జారి, పీపా పట్టుకుని నిలదొక్కుకున్నారు. దూరం నుంచి వచ్చేవాళ్ళు కొందరు చీరలు పాడవుతున్నాయని ప్యాకెట్ నూనెకి మళ్ళారు. ఆ పీట ఉంచడం ఎలాగో నాకు తోచలేదు. తీసెయ్యడం అంతకన్నా తోచలేదు.

సరిగ్గా అప్పుడే దిగబడ్డారు మా ఆయన.

ఆయన పదమూడేళ్ళు గల్ఫులో ఒక జ్యూసు ఫ్యాక్టరీలో, సీసాలు నింపే మిషను దగ్గర పనిచేశారు. ఇక చాలని వచ్చేశారు. అందరూ వచ్చేటప్పుడు సెంట్లు, దుప్పట్లు తెస్తారు. ఈయన ఒక గాజు కొలతగొట్టం తెచ్చారు, ఒంటి నిండా గీతలు ఉన్నది. మా ఆయనకి మాటలు తక్కువ, కొలతలు ఎక్కువ. కాఫీ గ్లాసు ఎత్తి వెలుగులో చూసి, "నిన్నటికంటే ఇరవై తక్కువుంది," అనేవారు. పులుసు వడ్డిస్తుంటే గరిటె వంక అదోలా చూసేవారు. ఒకసారి నేను కూరలో నూనె సీసా ఎత్తి ఒంపుతుంటే, "సుమారుగా పోసేస్తున్నావేంటి?" అన్నారు, నేనేదో దొంగతనం చేస్తున్నట్టు.

"ఇంట్లో వంట సుమారుగానే చేస్తారండీ. మీరు పెళ్ళి చేసుకున్నది కూడా సుమారుగానే," అన్నాను. ఆయన ఆలోచించి, అవునన్నట్టు తలూపారు.

అలాంటి మనిషి, తల్లి చెయ్యి చూశారు. కొలతలోంచి నూనె ఆ గచ్చు మీద పడుతుంటే ఆయన ముఖం నేను చూశాను. ఆ సాయంత్రం నాతో, "నేనొక మిషను చేస్తాను. కొలిచి పొయ్యడం అది చూసుకుంటుంది. అమ్మ పీట మీదే కూచుంటుంది. బటన్ నొక్కితే చాలు," అన్నారు.

అత్తగారికి చెబితే ఆవిడ నవ్వారు. "బటన్ నొక్కడానికి నేనెందుకురా? పిల్లి కూచున్నా నొక్కుద్ది."

మొదటి మిషను సెలైన్ గొట్టం. ఆస్పత్రిలో పెట్టేదే. పీపా ఎత్తు మీద పెట్టి, గొట్టం కిందికి దించి, చక్రం తిప్పితే చుక్కలు లెక్కగా పడతాయన్నారు. పడ్డాయి. లీటరు నిండడానికి ఎంతసేపు పట్టిందంటే, వచ్చినావిడ తన ఆడపడుచు సంగతి మొత్తం చెప్పి, మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి చెప్పింది. బయట ఆటో అతను హారన్ కొట్టీ కొట్టీ లోపలికొచ్చి, "పేషెంటుకెలా ఉందండీ?" అని అడిగాడు.

రెండోది రొయ్యల చెరువుల దగ్గర నుంచి తెచ్చారు. చెరువుల్లోకి మందు కొద్దికొద్దిగా వదిలే చిన్న పంపు. దాని లోపల మెత్తటి గొట్టాన్ని మూడు చక్రాలు వరసగా నొక్కుకుంటూ తిరుగుతాయి, మనం వేళ్ళతో గొట్టం నొక్కి లోపలున్నది ముందుకు తోసినట్టు. నూనె లోహానికి తగలదు, గొట్టంలోనే వెళ్తుంది, కొలత తప్పదు, శుభ్రం కూడా అని ఆయన నాకు అరగంట చెప్పారు. మూడు వారాలు బాగానే పోసింది. ఆ గొట్టం మాత్రం మందు కోసం చేసింది, కొబ్బరినూనె కోసం కాదు. నూనె తాగి తాగి అది ఉబ్బింది. ఉబ్బిన గొట్టం తన ఇష్టం వచ్చినట్టు పోసింది. ఈలోగా ధనుర్మాసం వచ్చింది. చలికి కొబ్బరినూనె పేరుకుంటుందని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. మా ఆయన పదమూడేళ్ళు ఎడారిలో ఉండి అది మర్చిపోయారు. పొద్దున్నే స్విచ్ వేశారు. గొట్టంలో నూనె గడ్డగా ఉంది. పంపు తోసింది, తోసింది, ఇంకా తోసింది. గొట్టం ఊడొచ్చి, పేరుకున్న నూనె ముద్ద ముద్దగా వచ్చి ఆయన ఛాతీ మీద పడింది.

అత్తగారు పీట దిగి వచ్చి, కొడుకు చొక్కా మీదున్న నూనె వేళ్ళతో తీసి, ఆయన మాడుకి రాశారు. "పారబోసుకోడం ఎందుకురా?" అన్నారు. నేను షెడ్డులోకి పరిగెత్తి నవ్వుకున్నాను. ఆయన ఎదుట నవ్వితే బాధపడతారు కదా.

మూడోసారి ఆయన గల్ఫు మిషనులాంటిదే చెయ్యాలనుకున్నారు. రావులపాలెంలో ఒక లేత్ షాపులో స్టీలు గొట్టం చేయించారు. దానిలో సరిగ్గా పట్టే బిరడా ఒకటి, దానికొక కడ్డీ. బిరడా వెనక్కి వెళ్తే పీపాలోంచి నూనె గొట్టంలోకి వస్తుంది, ముందుకొస్తే ఆ నూనంతా సీసాలోకి వెళ్తుంది. వచ్చిన నూనె మళ్ళీ పీపాలోకి పోకుండా ఒక వాల్వు, సీసాలోకి వెళ్ళింది వెనక్కి రాకుండా ఇంకో వాల్వు. కడ్డీ చివర ఒక పెద్ద నట్టు. బిరడా ఎంత దూరం వెనక్కి వెళ్ళాలో ఆ నట్టు చెబుతుంది. వదులు చేస్తే ఎక్కువ నూనె, బిగిస్తే తక్కువ. అంతే కిటుకు. పీపా కింద ఒక బల్బు కూడా పెట్టారు, చలికాలం నూనె కరిగి ఉండటానికి. నట్టుని గాజుగొట్టంతో సరిచూసి, చూసి, చూసి, ఒక రోజంతా దాంతో గడిపి, సరిగ్గా లీటరు దగ్గర ఆపి, కదిలితే తెలిసేట్టు ఎర్ర రంగుతో గీత గీశారు. ఆ రోజు నేను మూడుసార్లు అన్నానికి పిలిచాను. మూడోసారి పిలిచిన పిలుపు పక్క వీధివాళ్ళు విన్నారు.

తీరా స్విచ్ వేస్తే నూనె రాలేదు. గుర్రుమని బిరడా ముందుకీ వెనక్కీ తిరుగుతోంది, సీసాలోకి గాలి వస్తోంది. విప్పారు, బిగించారు. మళ్ళీ విప్పారు. రబ్బరు వాషర్లు మార్చారు. ఫోనులో పాత ఫ్యాక్టరీ స్నేహితుణ్ణి పిలిచి హిందీలో మాట్లాడారు. అత్తగారు పీట మీద కూర్చుని అంతా చూస్తున్నారు.

"ఒరేయ్, బోరింగు ఎండిపోతే ముందు చెంబుడు నీళ్ళు పోస్తాం కదరా. దీనిక్కూడా గొంతు తడుపు," అన్నారు.

ఆయన తలెత్తి చూశారు. ఆవిడ మేకుకున్న గరిటె తీసి, పీపాలో ముంచి, పైనున్న కంతలో ఒక గరిటె నూనె పోశారు. సగం బయట పడింది, సగం లోపలికి వెళ్ళింది. మిషను ఒక్కసారి గుటక వేసినట్టు చప్పుడు చేసి, ధారగా అందుకుంది.

"అక్కడ అది దానంతటదే జరిగేది," అన్నారు మా ఆయన, తనలో తను.

"ఆయ్. ఇక్కడ మీ అమ్మగారు చేస్తారు," అన్నాను నేను.

ఒక శుక్రవారం పొద్దున కొబ్బరికాయ కొట్టి, స్టీలుకి పసుపూ కుంకుమా పెట్టి మొదలుపెట్టాం. నూనె అవసరం లేనివాళ్ళు కూడా సీసాలు పట్టుకొచ్చారు. అత్తగారు కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చున్నారు, వేలు బటన్ మీద పెట్టుకుని. నా కళ్ళు మాత్రం ఆ వేలి మీదే ఉన్నాయి. వణుకుతోంది. కానీ బటన్ నొక్కడానికి వణుకు అడ్డమా? నొక్కారు. బిరడా కదిలింది, సీసా నిండింది, మెడ దగ్గర ఆగింది. ఒక్క చుక్క వేలాడలేదు. దానికి కూడా ఏదో వాల్వు పెట్టారట, చివరి చుక్కని లోపలికి పీల్చేస్తుంది. జనం అబ్బో అన్నారు. మా ఆయన ముఖంలో నేనంత సంతోషం మా పెళ్ళిలో కూడా చూడలేదు.

మొదటి సీసా పలివెల నుంచి వచ్చే ఒకావిడది. ఇరవై ఏళ్ళుగా మా దగ్గరే కొంటుంది. ఆవిడ సీసా ఎత్తి చూసుకుంది.

"చాలా బాగుందండి. మరి కొసరండీ?"

"ఇది సరిగ్గా వెయ్యి మిల్లీలీటర్లండి," అన్నారు మా ఆయన. "చుక్క తక్కువ లేదు, చుక్క ఎక్కువ లేదు."

"ఆయ్. అదేనండి. మరి కొసరండీ?"

ఆయన ఓపిగ్గా చెప్పారు. చేత్తో పోసినప్పుడు కొలతలో అటూ ఇటూ అవుతుంది, ఆ తేడా పూడ్చడానికే కొసరు. కొలత కచ్చితంగా ఉన్నప్పుడు కొసరు అక్కర్లేదు.

పలివెల ఆవిడ అంతా విని, చాలా మర్యాదగా అడిగింది: "అంటే ఇరవయ్యేళ్ళ బట్టీ మామ్మగారు మాకు తక్కువ పోసేరాండీ?"

వరండాలో అందరూ నవ్వారు, అత్తగారు అందరికంటే ఎక్కువ. "వాడి మాటలకేం గానీ, పట్టవే సీసా," అంటూ మేకుకున్న గరిటె అందుకున్నారు. ఆ క్షణం ఆవిడ ముఖం వెలిగిపోయింది. చాలా రోజులకి ఆ గరిటె తనంతట తనే అందుకోవడం చూశాను.

కానీ సీసా అప్పటికే మెడ దాకా ఉంది. పూర్వం ఆవిడ చెయ్యి ఎంతలో ఆపాలో ఎరిగి, ఆ సన్నటి మూతిలోకి సరిగ్గా పట్టినంతే జార్చేది. ఇప్పుడు గరిటె ఊగింది, నూనంతా ఒక్కసారిగా గరాటులో పడింది. సీసాలో చోటు లేదు. గరాటు పొర్లి, పలివెల ఆవిడ చేతుల మీంచి, మోచేతుల మీంచి, కుచ్చిళ్ళ మీదకి కారింది. నలుగురు ముందుకొచ్చారు. ఎవరో గుడ్డ అందించారు.

"ఫర్లేదండి మామ్మగారూ, నూనే కదండీ," అంది ఆవిడ.

అత్తగారు చేతిలోని గరిటెని మేకుకి తగిలించారు. రెండుసార్లు తప్పి, మూడోసారి తగిలించారు. చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి టీవీ చప్పుడు వినిపించింది.

నాలుగు రోజులు ఆవిడ వరండాలోకి రాలేదు. టీవీలో ఏం వస్తోందని అడిగితే ఆవిడకి తెలియదు. అన్నం రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవారు. ఆటోలో ఆవిడన్న మాట నా చెవుల్లో మోగుతూనే ఉంది. నేను బటన్ నొక్కుతూ కూర్చున్నాను. మిషను బ్రహ్మాండంగా పోస్తోంది. వచ్చినవాళ్ళు సీసా తీసుకుని, ఖాళీగా ఉన్న పీట వంక చూసి, "మామ్మగారు లేరాండీ?" అని అడిగి, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్తున్నారు. కొసరు కోసం నేను గరిటె తీస్తే, వద్దండి అన్నారు ఇద్దరు. నా చేతి కొసరు వాళ్ళకి కొసరులా అనిపించలేదు మరి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఇక పట్టలేకపోయాను. "మీ వెయ్యి మిల్లీలీటర్లు మీరే తాగండి!" అన్నాను మా ఆయనతో. "మీ అమ్మగారిని పీట మీద ఉంచుతానన్నారు. దించేశారు. ఏ పనీ లేకుండా చేసి, టీవీకి అప్పగించారు. ఇంతకంటే ఆ గచ్చు మీద జారిపడినా బాగుండేది." ఆ చివరి మాట అనకూడదు. అనేశాను. ఆయన నా వంక చూసి, స్పానరు తీసుకుని కొట్టులోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకున్నారు. సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఏం చేస్తున్నారని అడిగితే, చిన్న రిపేరు అన్నారు.

మర్నాడు పొద్దున ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడు బండి మీద వచ్చాడు, లీటరు కావాలని. నేను బటన్ నొక్కాను. అప్పుడే అత్తగారు ఒడియాలు ఎండబెట్టడానికి చాట పట్టుకుని వరండాలోంచి వెళ్తున్నారు. ఆగారు.

"అదేటే, మెడ దాకా రాలేదు?"

చూశాను. నిజమే, రెండు వేళ్ళ కిందే ఆగింది. "సీసా పెద్దదేమోనండీ," అన్నాను.

"ఈ సీసా నాకు ఐదేళ్ళ బట్టీ తెలుసు," అన్నారు.

ఆవిడ షెడ్డు గుమ్మంలోంచి కొడుకు వంక చూశారు. ఆయన మిల్లు బెల్టు దగ్గర వంగి, ఏమీ విననట్టు పనిచేసుకుంటున్నారు. అత్తగారు చాట నా చేతికిచ్చి, పీటెక్కి, గరిటె తీసి పీపాలో ముంచారు. చెయ్యి వణికింది. గరిటెలో కొంత పీపాలోనే పడింది. మిగిలింది గరాటులో పడింది, గరాటు దాన్ని మింగేసింది. చుక్క పైకి రాలేదు. ఇంకో గరిటె పోశారు. అదీ దిగిపోయింది.

"చాలండీ మామ్మగారూ."

"ఉండవయ్యా. ఆ హెల్మెట్ తియ్యి," అన్నారు. తీశాడు. గరిటె మూతికున్న చుక్క తుడిచి వాడి మాడుకి రాశారు. "బండి మీద ఎండలో తిరుగుతున్నావు, తలకి చలవ."

ఆ రోజు ఆవిడ మధ్యాహ్నం భోజనానికే పీట దిగారు. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నా తిట్లు పనిచేశాయనుకుని నేను చాలా గర్వపడ్డాను. ఎవరికి, ఎలా పనిచేశాయో ఆలోచించలేదు. నాకు కోపం ఉన్నంత తెలివి లేదు.

రెండు నెలలు గడిచాయి. జొన్నాడలో ఆవిడ చెల్లెలు గారింట గృహప్రవేశం వస్తే, మూడు రోజులు ఉండి రమ్మని పంపాం. వెళ్ళేముందు నన్ను పిలిచి, "కొసరు మర్చిపోకే. రెండు గరిటెలు. ప్రతి సీసాకీ," అన్నారు. బస్సెక్కించి వచ్చాక మా ఆయన కూడా, "కొసరు రెండు గరిటెలు పొయ్యి, మర్చిపోకు," అన్నారు. కొసరంటే గిట్టని మనిషికి ఇంత శ్రద్ధ ఎప్పుడు పుట్టిందా అనుకున్నాను. కానీ పోశాను.

రెండో రోజు కొత్తగా ఒకాయన వచ్చి, మీ మిషను కచ్చితమేనా అని అడిగాడు. "కచ్చితమేనాండీ? ఉండండి," అని ఒళ్ళు మండి, గాజుగొట్టం తెచ్చి, దానిలోకి బటన్ నొక్కాను. నూనె తొమ్మిది వందల నలభై దగ్గర ఆగింది.

గొట్టం మీద గీత రెండుసార్లు చూశాను. "ఇంకా కొసరు పొయ్యాలండీ," అని ఎలాగో గొణిగి, రెండు గరిటెలు పోసి, గీత దాటించి, ఆయన్ని పంపేశాను. ఆ వెంటనే షెడ్డులోకి వెళ్ళి మిల్లు ఆపేశాను. మిల్లు నేను ఆపానంటే మా ఇంట్లో దాని అర్థం అందరికీ తెలుసు.

"నా కొట్లో తక్కువ కొలతా? అరవై తక్కువ! రెండు నెలలుగా!" అని అరిచాను. "మీ అమ్మగారికి తెలిస్తే ఏమవుతుందో తెలుసా? ఆ పీట మీద కూచుని ఆవిడ జన్మలో ఎవరికీ తక్కువ పొయ్యలేదు."

ఆయన చేతులు తుడుచుకున్నారు. "ఎవరికీ తక్కువ వెళ్ళలేదు. అమ్మ పోసేది రెండు గరిటెలు. ఎంత ఒలికినా అరవై దాటుతుంది. రోజూ నేను చూస్తూనే ఉన్నాను," అన్నారు.

"మరి మిషనే సరిగ్గా లీటరు పోస్తే ఏం?"

"పోస్తే సీసా నిండిపోతుంది," అన్నారు. "అమ్మ కొసరుకి చోటుండొద్దూ?"

నేను మిషను దగ్గరికి వెళ్ళి చూశాను. నట్టు మీద ఆయన గీసిన ఎర్ర గీత పక్కకి తిరిగి ఉంది. ఎన్ని చుట్లు బిగించారని అడిగితే, రెండు అన్నారు. పులుసులో పది తేడా వస్తే అన్నం సయించని మనిషి. ఒక్క చుక్క కోసం ఏడాది నూనెలో మునిగితేలిన మనిషి. తన చేతులతో సరిచూసి, రంగుతో గీత గీసుకున్న మిషనుని, ఆ తలుపు వేసుకున్న మధ్యాహ్నం తనే చెడగొట్టుకున్నారు. నేనన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయనకి ఏం చెయ్యాలో తెలియక, వెళ్ళి మిల్లు ఆన్ చేశారు.

"అమ్మకి చెప్పకు," అన్నారు ఆ చప్పుడులో.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఆయనకి తెలుసు. అయినా అడిగారు కాబట్టి, ఒట్టేశాను.

అత్తగారు జొన్నాడ నుంచి వచ్చిన రోజు సాయంత్రం, ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ కూర్చున్నాను. నా పెదాల చివరి దాకా వచ్చేస్తోంది మాట. మీ అబ్బాయి ఎంత పనిచేశాడో తెలుసాండీ అని చెప్పేస్తే ఎంత హాయిగా ఉంటుంది! ఆవిడ అటూ ఇటూ చూసి, నా వైపు వంగారు.

"అమ్మాయ్, నీకో మాట చెప్తాను. వాడి చెవిన పడకూడదు."

"చెప్పండి."

"వాడి మిషను తక్కువ పోస్తందే. మొదట్రోజు బానే పోసింది. నాలుగు రోజులు తిరక్కుండా దిగిపోయింది. రెండు వేళ్ళ మేర కిందే ఆగిపోతంది ప్రతి సీసాకీ."

అరచేతిలో ఇంకాస్త నూనె పోసుకున్నాను.

"పదమూడేళ్ళు ఆ ఎండల్లో పడి నేర్చుకొచ్చిన పని," అన్నారు గొంతు తగ్గించి. "అంతమంది ముందు కొబ్బరికాయ కొట్టుకున్నాడు. బాలేదని చెప్తే వాడి మనసు ఏమైపోద్ది? అందుకే ఎవరికీ తెలీకుండా నేనే గరిటెతో సరిపెట్టేస్తన్నాను. లేపోతే ఈ వయసులో నాకీ పీటెందుకే? సుబ్బరంగా టీవీ చూసుకుందును."

నేను తల దించుకుని కాళ్ళకి నూనె రాస్తూనే ఉన్నాను. గట్టిగా నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. ఏది ముందు బయటపడినా ఆవిడ అడుగుతారు. జీవితంలో నేను నోరు మూసుకోవడానికి అంత కష్టపడిన రోజు ఇంకోటి లేదు.

ఆ రహస్యం అటుదీ ఇటుదీ మోస్తూ ఏడాది దాటింది. భోజనాల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. "మిషను బాగా పోస్తందిరా," అంటారు ఆవిడ. "కొసరు నువ్వు పోస్తేనే బాగుంటుందమ్మా," అంటారు ఆయన. ఇద్దరూ నా వంక చూస్తారు, నేనేమీ అనకూడదన్నట్టు. నేను పులుసు వడ్డిస్తాను, సుమారుగా.

ఈ చలికాలం అత్తగారి వణుకు ఎక్కువైంది. గరిటెలో సగం గరాటుకి చేరేలోపే పీపాలో పడిపోతోంది. మూడు గరిటెలు పట్టుకుంటే గానీ రెండు పడవు. మొన్న పొద్దున మిషను తుడుస్తూ నట్టు వంక చూశాను. ఎర్ర గీత బిగింపు వైపు ఇంకో అరచుట్టు తిరిగి ఉంది, మూడో గరిటెకీ చోటుండేట్టు. నిన్న రాత్రికి లేదు అది.

కాసేపటికి అత్తగారు పీటెక్కారు. మొదటి సీసా నిండింది. ఆవిడ నూనె ఎక్కడ ఆగిందో చూసి, పెదవి విరిచి, గరిటె అందుకున్నారు. ఒకటి, రెండు, మూడు పోసి, మూతికున్న చుక్క తుడిచి, పక్కనే ఉన్న నా మాడు మీద రాస్తూ మెల్లిగా అన్నారు:

"ఇంకా పాడైపోయిందే పాపం వాడి మిషను. ఇప్పుడు రెండు గరిటెలు చాలట్లేదు. వాడికి చెప్పకే."

"ఆయ్ అత్తయ్యగారూ," అన్నాను. "చెప్పనండి."